ఎడమ భుజం దించి కుట్టిన చొక్కా

దయ్యాల మాటెత్తితే నవ్వేవాడిని. దర్జీని నేను, టేపుకు అందనిదాన్ని ఏనాడూ లెక్కచెయ్యలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో మా ఊరు. పేరు రాయను. పోలీస్ స్టేషన్ ఎదురుగానే నా అంగడి. పంచనామాలో సాక్షి సంతకం కావాలంటే నన్నే పిలిచేవాళ్లు. ఆ రోజూ అంతే. ఒక హత్య కేసులో మస్తాన్ అనే కూలీ చూపించగా రక్తపు చొక్కా దొరికిందని రాసిన కాగితం తెచ్చారు. నేను ఎక్కడికీ పోలేదు, ఏదీ చూడలేదు. టీ తాగుతూ సంతకం పెట్టాను.

కోర్టులో ఆ చొక్కా మూట విప్పి "ఇదేనా?" అన్నారు. అటువైపు చూడకుండానే "అవును సార్" అన్నాను. మస్తాన్‌కు ఉరిశిక్ష పడింది. ఆ రాత్రి అన్నం కూడా మామూలుగానే తిన్నాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

హైకోర్టులో అప్పీలు వేశాక, మస్తాన్ తల్లి ఖాసింబీ పెద్దకడుబూరు నుంచి వచ్చింది. వెంట ఆదోని వకీలు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సూసింటే సూసినానని సెప్పప్పా. సూడకుంటే సూడలేదని సెప్పు. అంతే నేనడిగేది" అంది.

వకీలు అప్పీలు కాగితాల్లోంచి చొక్కా ఫొటో తీసి కుట్టుమిషన్ మీద పెట్టాడు. మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను.

అది నేను కుట్టిందే. మా అన్నది. ఆదోనిలో పత్తి బేళ్లు మోసి మోసి ఆయన ఎడమ భుజం వంగిపోయింది. అందుకే ఆ వైపు అంగుళం దించి కుట్టేవాణ్ణి. గుడ్డ చాలక కాలర్ లోపల బడిపిల్లల యూనిఫాం ముక్క వేశాను, నీలిగళ్లది. ఫొటోలో రెండూ ఉన్నాయి.

మా అన్న చనిపోతే ఆ చొక్కానే తొడిగించి పూడ్చిపెట్టాం. గుండీలు పెట్టింది నేనే. హత్యకు ఏడాది ముందు మాట ఇది.

మరునాడు పొద్దున్నే పోయి చూశాను. సమాధి మీద బండ అట్లే ఉంది. చుట్టూ పూసిన సిమెంటు ఎక్కడా పగల్లేదు.

సంతకం పెట్టాను తప్ప ఏమీ చూడలేదని అఫిడవిట్ ఇచ్చాను. చొక్కా సంగతి కూడా రాయమంటే వకీలు పెన్ను పక్కన పెట్టేశాడు.

"అది రాస్తే నీకు పిచ్చి అంటారన్నా. మిగతాదీ నమ్మరు. ఆ పిల్లోడు సస్తాడు."

చొక్కా మాట లేకుండానే కింద సంతకం పెట్టాను. అబద్ధం చెప్పిన రోజు నన్నెవరూ ఆపలేదు.

అప్పీలు ఇంకా తేలలేదు. మొన్న ఖాసింబీ వచ్చి నా కుడిచేయి పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఈ సెయ్యే నా కొడుకును బతికిస్తాదప్పా" అంది. చేయి లాక్కుని, అంగడి వెనక్కి పోయాను.

ఆ చొక్కా కోర్టు మూటలోకి ఎట్లా వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు. బండ తీయించి చూద్దామని మా వదిన అంటుంది. నేనే వద్దంటున్నాను. అన్న ఒంటి మీద చొక్కా లేకపోయినా భయమే. ఉంటే ఇంకా భయం.