నంది కనుమ ఎక్కిన ట్రెయిలర్

గిద్దలూరు స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఏడు గంటలు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఏప్రిల్ నెల. పటాలంలో మోటారు మెకానిక్‌ని నేను. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో పానాల పెట్టె. బర్మా సరిహద్దుకు పంపుతారని మద్రాసులో తోటివాళ్లందరికీ చెప్పుకున్నాను. తీరా ఆర్డరు చూస్తే గిద్దలూరు! రైలు మా తర్లుపాడు మీదుగానే వచ్చింది. కిటికీలోంచి మా చేను కనబడింది. దిగడానికి లేదు. సెలవు లేదు. ఇంటికి కబురు పంపడానికి కూడా అనుమతి లేదు.

సిగ్గేసింది. యుద్ధానికని పోయినవాడు పక్క ఊళ్లో దిగాడని తెలిస్తే నవ్వరా?

స్టేషన్ బయట వేపచెట్టు కింద మా హవల్దారు నిలబడి ఉన్నాడు. అక్కడి మోటారు బండ్లన్నిటికీ ఆయనే బాధ్యుడు. కంభం మనిషి. నా మాట వినగానే తన వైపు వాణ్నని గుర్తుపట్టాడు.

"ఏ ఊరు నీది?"

"మార్కాపురం పక్కన తర్లుపాడు, సార్."

"సారేంది? ఆఫీసర్లు లేనప్పుడు అన్నా అను. ఇట్ల రా, నీకు పని చూపిస్తా."

పని ఏమిటో మీకు విడమరిచి చెప్పాలి. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే దారి నల్లమలలో నంది కనుమ ఎక్కి దిగుతుంది. ఆ కనుమ మీద మా పటాలం డేరాలు వేసుకుంది. బర్మా అడవులకు పోయే ముందు సిపాయిలకు అడవిలో నడవడం, దాక్కోవడం అక్కడే నేర్పేవారు. పాము కాట్లు, జ్వరాలు, విరిగిన కాళ్లు రోజూ ఉండేవి. అందుకని వైద్యం చేసే ట్రెయిలర్ ఒకటి రైల్లో పంపించారు. చక్రాల మీద నిలబెట్టిన గది అది. లోపల ఆపరేషన్ బల్ల, కత్తులు ఉడికించే పాత్ర, పైన దీపం. అన్నీ నేలకూ గోడలకూ బోల్టులతో బిగించి ఉన్నాయి.

దాన్ని లాగాల్సింది పెద్ద లారీ. మాకున్నది మాత్రం కారుకు పెద్ద, లారీకి చిన్న అయిన ట్రక్కు. అప్పటికే ఒకసారి ప్రయత్నించి చూశారట. సగం కనుమ ఎక్కగానే రేడియేటర్ పొంగింది, ఇంజన్ ఆగింది, ట్రెయిలర్ ట్రక్కును వెనక్కి లాక్కుపోయింది. చక్రాల కింద రాళ్లు పెట్టి ఆపారు. చివరికి ఎడ్లను కట్టి కిందికి దింపారు.

"ఎడ్లు దింపిన దాన్ని నువ్వు ఎక్కించాల," అన్నాడు హవల్దారు.

బానెట్ ఎత్తి చూశాను. ఎయిర్ క్లీనర్ నిండా ఎర్రదుమ్ము. ఇంజన్‌కు ఊపిరే ఆడడం లేదు. సిలిండర్ హెడ్ విప్పితే లోపల మసి పెంకు కట్టి ఉంది. గీకాము. వాల్వులను పేస్టు వేసి అరగదీసి, కూర్చునే చోట సందు లేకుండా చేశాము. ప్లగ్గులు మార్చాము. రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి ఉప్పు పొర. మా వైపు నీళ్లు పోస్తే పట్టే పొరే అది, బిందెల్లో చూసి పెరిగాను. వేడి చింతపండు నీళ్లు పోసి నానబెట్టి, మంచి నీళ్లతో పదే పదే కడిగాము. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి ఫ్యాన్ చుట్టూ కట్టాను, గాలి పక్కలకు పోకుండా.

మూడు రోజులకు ఇంజన్ గొంతు మారింది. కానీ కనుమకు అది చాలదని నాకు తెలుసు.

స్టేషన్ యార్డులో అదే కంపెనీ బరువు లారీ ఒకటి ముందు భాగం నుజ్జయి పడి ఉంది. దాని వెనక ఇరుసులోని పళ్లచక్రాల జత మా దానికి సరిపోతుంది. అది బిగిస్తే ట్రక్కు వేగం బాగా పడిపోతుంది, లాగే బలం మాత్రం పెరుగుతుంది. హవల్దారుకు చెప్పాను.

"చదును రోడ్డు మీద నడిచిపోయేటోడు కూడా మనల్ని దాటి పోతాడు కదరా!"

"దాటిపోనీ అన్నా. మనకు కావాల్సింది కనుమ ఎక్కడం."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "పాడైతే నా హవల్దారు పట్టీలు ఊడతాయి. సరే, విప్పు."

ఐదో రోజు ఉదయం ఇరుసు మూత బిగించి చేతులు కడుక్కుంటున్నాను. ఇంకా నడిపి చూడనే లేదు. పది గంటలప్పుడు వైర్‌లెస్ పెట్టె గరగరలాడింది. కనుమ పైన డేరాల్లో వైర్‌లెస్ చూసేవాడు ముండ్లమూరు కుర్రవాడు, నా ఈడు వాడే. ప్రతి పూటా అతని గొంతే వినబడేది. ఆ రోజు వేరే గొంతు.

"కొండ నుంచి స్టేషన్‌కు. నేను డాక్టర్ని మాట్లాడుతున్నాను. మీ వైర్‌లెస్ అబ్బాయికి అపెండిక్స్ వాచింది. వెంటనే ఆపరేషన్ చేయాలి. ట్రెయిలర్ పైకి రాగలదా? ఓవర్."

హవల్దారు మైకు అందుకున్నాడు. "సార్, వాణ్ని కిందికి తెస్తే? ఓవర్."

"ఈ దారి కుదుపులకు లోపల పగిలిపోతుంది. డేరాలో కోద్దామంటే దుమ్ము, ఈగలు. నాకు ఆ బల్లే కావాలి. రాగలదా? ఓవర్."

హవల్దారు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆ తలూపడంలో ధైర్యం ఎంతో, భయం ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

"వస్తాది సార్. ఓవర్."

ఇంజన్‌కు పెట్రోల్ అందించే పంపు మీద తడి గోనెపట్టా చుట్టాను, ఎండకు పెట్రోల్ ఆవిరై ఇంజన్ ఆగకుండా. ట్రెయిలర్‌ను ట్రక్కు వెనక తగిలించాము. హవల్దారు నీళ్ల డబ్బాలతో నా పక్కన ఎక్కాడు. కనుమ మొదలయ్యే చోట ఒకటో గేరు వేశాను. మనిషి నడిచే వేగం. ఇంజన్ ఒకే శ్రుతిలో మోగుతోంది. హవల్దారు ఇంజన్ వేడి చూపే ముల్లు మీంచి చూపు తిప్పడం లేదు. పట్టా ఆరినప్పుడల్లా ఫుట్‌బోర్డు మీద నిలబడి నీళ్లు చిలకరించాడు.

మునుపు ట్రక్కు ఆగిపోయిన మలుపు దగ్గర దారి నిండా గొర్రెలు. మంద వెనక నడివయసు గొల్లామె, భుజాన గొంగడి. నేను ఆపక తప్పలేదు. ఆపగానే ట్రెయిలర్ వెనక్కి గుంజింది. బ్రేకు మీద నిలబడ్డాను.

"అక్కా! చక్రం కింద రాయి పెట్టు! మనిషి ప్రాణం!"

ఆమె ఇంకో మాట అడగలేదు. దారి అంచున ఉన్న గుండురాయి ఎత్తి ట్రెయిలర్ చక్రం వెనక తోసింది. బండి నిలిచింది. గొర్రెలను ఒక్క అదిలింపుతో పక్కకు తోలింది.

"ఆపొద్దు నాయనా, నువ్వు పో! మళ్లీ జారితే నేనున్నా."

క్లచ్ మెల్లగా వదిలాను. ట్రక్కు ఒళ్లంతా వణికింది. వెనక చక్రాలు గులకరాళ్లను చిమ్మాయి. ఆ తర్వాత పట్టు దొరికింది. జానెడు కదిలింది, మూరెడు కదిలింది, మలుపు తిరిగింది. అద్దంలో చూస్తే ఆమె ఇంకో రాయి చంకన పెట్టుకుని వెనకే నడిచి వస్తోంది. మిట్ట ఎక్కేదాకా వచ్చింది.

"నడువు తల్లీ, నడువు," అంటున్నాడు హవల్దారు. గొల్లామెతో కాదు, ట్రక్కుతో.

పైకి చేరేసరికి ఒంటిగంట దాటింది. ముండ్లమూరు కుర్రవాణ్ని స్ట్రెచర్ మీద తెచ్చారు. ముఖం బూడిద రంగు. నన్ను చూసి పెదవులు కదిపాడు.

"ఎట్ల ఎక్కినావు?"

"మెల్లగా."

డాక్టర్ నా దగ్గరికి వచ్చాడు. "దీపానికి మీ బండి నుంచే కరెంటు. ఇంజన్ ఆపకండి. దీపం వణికితే నా చేయి వణుకుతుంది."

సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ మీద పాదం ఆనించాను. తొక్కీ తొక్కనట్టు. కాలు తిమ్మిరెక్కింది, తీయలేదు. హవల్దారు రేడియేటర్‌లో నీళ్లు పోస్తూ, పట్టా తడుపుతూ ఉన్నాడు. గొల్లామె కూడా వెళ్లలేదు. దూరంగా గొంగడి పరుచుకుని కూర్చుంది. ఇంజన్ ఒక్కటే మాట్లాడింది.

తలుపు తెరిచి డాక్టర్ బయటికి వచ్చాడు. ముఖానికి కట్టుకున్న బట్ట కిందికి లాగాడు.

"బతుకుతాడు. ఇక ఆపేయండి."

హవల్దారు నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "మన కంభం, మార్కాపురం వాళ్లతో పెట్టుకుంటే ఇట్లనే ఉంటాది!" అని కొండంతా వినబడేలా అరిచాడు.

వర్షాకాలంలో మమ్మల్ని నిజంగానే బర్మా వైపు పంపారు. ఆ బురదలో ఎన్నో బండ్లు లాగాను. యుద్ధం ముగిశాక తర్లుపాడు స్టేషన్‌లో దిగి ఇల్లు చేరాను. నాయన మంచం వాల్చాడు. ఇరుగుపొరుగు చేరారు. బర్మా గురించి చెప్పమన్నారు. నేను నంది కనుమ గురించి చెప్పాను. చెబుతుంటే సిగ్గనిపించలేదు, ఛాతీ పొంగింది.

ఇన్నేళ్లకూ కళ్లు మూస్తే కనబడేది ఒకటే. ఆ రోజు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తే ట్రెయిలర్ కిటికీకి తెల్లగుడ్డ కట్టి ఉంది. లోపలి దీపానికి ఆ గుడ్డ మీద డాక్టర్ చేతుల నీడ పడింది. ఆ నీడ వంగుతోంది, లేస్తోంది, దారం లాగుతోంది. ఒక్కసారి కూడా వణకలేదు.