రీజనింగ్ సారు కారులో ఎర్ర లైటు

కొత్త బండి కొన్న రోజున నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు కదా, వాటిలో ఒక్కటైనా ఇప్పటిదాకా మీ బండికి బ్రేకు వేసిందా? కోపం తెచ్చుకోకండి. ఆ రోజుల్లో కనపడ్డ ప్రతివాణ్ణీ నేను ఇదే అడిగేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో రైలును జనం ఇంకా తలెత్తి చూస్తున్న రోజులవి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఇంకా ఊరవతలికి పోలేదు; ఎండాకాలమొస్తే మా వీధి మొత్తం మాగిన మామిడిపండు వాసన వేసేది. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెప్పేవాణ్ణి. సెలవు దొరికితే ఏదో ఒక హాల్లో మూఢనమ్మకాల మీద చర్చకు పోయి గొంతు చించుకునేవాణ్ణి. (అక్కడికి వచ్చేవాళ్ళంతా ముందే నాతో ఏకీభవించినవాళ్ళు. అయినా ఎవరినో ఓడించినట్టే ఇంటికి వచ్చేవాణ్ణి.) ఇంట్లో మాత్రం నా తర్కం చెల్లేది కాదు. పోచంపల్లి మగ్గాల మధ్య పుట్టి ఇక్కడ చీరల కొట్టు పెట్టుకున్న మా బాపు, నేను నోరు తెరవగానే టీవీ చప్పుడు పెంచేవాడు.

అట్లాంటి రోజుల్లో నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారులో ఒక ఎర్ర లైటు వెలిగింది. గుండ్రం మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం. అది బ్రేకుకు సంబంధించిన హెచ్చరిక. మామూలు రోజుల్లో అయితే మా ఇంట్లో దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఆ ఆదివారం నెలలు నిండుతున్న మా అక్కను మన్సూరాబాద్‌లోని అత్తగారింటి నుంచి పురిటికి తీసుకురావాలి. గతుకుల్లో ఆటో వద్దు, తమ్ముడి కారే కావాలని అక్క ముందే చెప్పింది. బాపు లైటు చూసి ఒకటే మాటన్నాడు. "గా ఎర్రది ఆరేదాంక నా బిడ్డను గీ కార్ల కూసోనియ్య."

నేను పరిశోధన మొదలుపెట్టాను. మొదటి నిందితుడు దొరికాడు కూడా. హ్యాండ్ బ్రేకు మొదట్లో అమ్మ కట్టిన లావుపాటి నల్లదారం. దారం అడ్డుపడి బ్రేకు పూర్తిగా కిందికి దిగడం లేదని, అందుకే లైటు వెలుగుతోందని క్షణంలో తేల్చేశాను. మూఢనమ్మకమే బ్రేకును పట్టుకుని కూర్చుంది. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ హాల్లో దొరుకుతుంది? అందరినీ బయటికి పిలిచి, కత్తెర పైకెత్తి చూపించి, దారం కోశాను. లైటు వెలుగుతూనే ఉంది. మేడమీద కిరాయికుండే గుంటూరు మాస్టారు గేటు దగ్గర నిలబడి, "ఉన్న రక్ష కూడా తీసేశారా బాబూ," అన్నారు, చాలా మెత్తగా.

తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి కారుతో ఇచ్చిన పుస్తకం తిరగేశాను. శుక్రవారం సాయంత్రం మళ్ళీ అందరినీ పిలిచి, బానెట్ ఎత్తి, లోపలున్న తెల్లటి చిన్న డబ్బా మీద వేలు పెట్టి ఉపన్యాసం ఇచ్చాను. "ఇండ్ల దయ్యం లేదు, దిష్టి లేదు. గిది బ్రేక్ ఆయిల్ డబ్బ. గీ గీత కిందికి ఆయిల్ దిగితే లైటు ఎలుగుతది. ఆయిల్ పోస్తే ఆరుతది. కారణం ఉంటెనే కార్యం. సమజైందా?" బాపు ఆవులించాడు. అమ్మ మాత్రం కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ డబ్బా దగ్గరికి వచ్చి, "గీ గీతనా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో నా ఉపన్యాసంలో అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది. నా ఛాతీ ఉప్పొంగింది. రేపు క్లాసులయ్యాక ఎల్.బి.నగర్ పోయి బ్రేక్ ఆయిల్ తెస్తానని చెప్పాను.

శనివారం క్లాసులు సాగి సాగి, దుకాణాలు మూసే వేళకు బయటపడ్డాను. ఉత్త చేతులతో ఇంటికి వస్తే బాపు అరుగు మీద నవ్వుతూ కూర్చున్నాడు. "నీ లైటు ఆరింది పో," అన్నాడు. నమ్మలేదు. తాళం తిప్పి చూశాను. నిజంగానే ఆరింది.

"మీ అమ్మ పొద్దుగాల గుమ్మడికాయ కొట్టింది. గంతే," అన్నాడు బాపు.

"నే చెప్తూనే ఉన్నాను కదండీ, దిష్టేనని," అన్నారు మాస్టారు మేడ మెట్ల మీంచి. "అందరి కళ్ళూ ఒకలాంటివి కావు."

"అమ్మా, ఏం జేసినవే?" అని వంటింట్లోకి కేకేశాను.

"నేను జేసేది నేను జేసిన. అక్క కోసం సున్నుండలు కడుతున్న, నన్ను పరేషాన్ చెయ్యకు," అంది అమ్మ లోపలి నుంచే.

ఆ పూట నా పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఎవరూ ఆయిల్ కొని తేలేదు, ఎవరూ రిపేరు చెయ్యలేదు. గుమ్మడికాయ పగిలింది, లైటు ఆరింది. కారణం లేని కార్యం నా కారులోనే కూర్చుని నన్ను చూస్తోంది. ఇన్నాళ్ళూ హాల్లో నేను వెక్కిరించిన వాళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు. (ఒకాయనకైతే క్షమాపణ ఎట్లా చెప్పాలో కూడా మనసులో కూర్చుకున్నాను.)

ఆదివారం పొద్దున అందరం తయారయ్యాం. బాపు ముందు సీట్లో కూర్చున్నాడు. అక్క ఫోను చేసి, "బయలెల్లిన్రా? నేను చెప్పులేసుకోని కూసున్న," అంది. నేను తాళం పెట్టబోయి ఆగిపోయాను. గుమ్మడికాయ చేతిలో ఓడిపోయి రోడ్డెక్కడానికి మనసొప్పలేదు. దిగి బానెట్ ఎత్తాను.

"మళ్ల షురూ జేసిండు," అన్నాడు బాపు లోపలి నుంచి.

డబ్బా గీత దాకా కాదు, గొంతు దాకా నిండి ఉంది. మూత తీశాను. పైన బంగారు రంగులో ఒక పొర, దాని కింద నల్లగా ఇంకేదో, రెండూ కలవకుండా వేరువేరుగా నిలబడి ఉన్నాయి. వేలు ముంచి వాసన చూశాను. చిన్నప్పుడు తలంటు పోసుకునే నాటి వాసన.

"అమ్మా, గిండ్ల ఏం పోసినవ్?"

"నువ్వుల నూనె."

"నూనె పోసినవా?"

"నువ్వే చెప్తివి కద. ఆయిల్ దిగితే ఎలుగుతది, పోస్తే ఆరుతదని. పోసిన, ఆరింది. గానుగ నూనెరా అది, కల్తీ లేదు."

"గది బ్రేక్ ఆయిలే. నూనె గాదు."

"ఆయిల్ అంటే నూనె గాదా?"

"గీడ గాదు."

"మరి ఆయిల్ అని ఎందుకన్నవ్?"

చేతిలోని మూత తిప్పి చూశాను. మూత మీద ఇంగ్లీషు అక్షరాల్లో బ్రేక్ ఫ్లూయిడ్ అనే ఉంది. ఎల్.బి.నగర్‌లో దుకాణంవాడు ఆయిల్ అంటాడు, నేనూ అన్నాను. వంటనూనెలాంటిది కలిస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకులు చచ్చిపోతాయని పుస్తకంలో చదివింది నేనొక్కణ్ణే. చదివి, ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ చెప్పాను. మన్సూరాబాద్ నుంచి వచ్చేదారిలో, బస్సుల మధ్య, నిండు మనిషి వెనక సీట్లో ఉండగా నేను కాలు నొక్కితే బండి ఆగకపోయుంటే? బంపర్ పట్టుకుని కింద కూర్చున్నాను. బాపు గబగబా దిగాడు. నేను విషయం చెప్పాను. వినగానే నా చేతిలోని తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు. మాస్టారు మాత్రం, "దీపారాధన నూనేనాండీ? అయితే అపకారం జరగదులెండి," అన్నారు. ఆయనతో వాదించడానికి నాకు ఓపిక లేదు. (వాదించనిది అదొక్కసారే.)

అక్క ఆటోలోనే వచ్చింది, గతుకు గతుకుకీ డ్రైవరును తిట్టుకుంటూ. సంగతి విని కడుపు పట్టుకుని నవ్వి, "రీజనింగ్ సార్, అమ్మ రీజనింగ్ మంచిగనే ఉంది. నీ తెలుగే బాగలేదు," అంది. మర్నాడు మెకానిక్ ఇంటికే వచ్చి అంతా విప్పి కడిగి, ఉబ్బిన రబ్బర్లూ అరిగిన బ్రేకు ప్యాడ్లూ మార్చిపోయాడు. ప్యాడ్లు అరగడం వల్లే ఆ డబ్బాలో మట్టం దిగిందట.

ఇప్పుడు తలుచుకుంటే, బంపర్ పట్టుకుని కూర్చున్న ఆ కుర్రవాణ్ణి చూసి నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. దారం మీద, గుమ్మడికాయ మీద అంత యుద్ధం చేశాడు. పాపం, అవి కారును ఏమీ చెయ్యలేదు. మా అమ్మ గుడ్డిగా నమ్మింది దిష్టిని కాదు, నన్ను. నేను చెప్పిన మాట నుంచి తర్కం తప్పకుండా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్ళి, నూనె సీసా దగ్గర ఆగింది. మూఢనమ్మకం కంటే ప్రమాదం సగం చెప్పి సంబరపడే చదువుకున్నవాడు. మీలోనూ వాడున్నాడు. కాబట్టి ఈ పేజీ పక్కన పెట్టి లేవండి. ఇవాళ మీ ఇంట్లో ఎవరికైతే మందు గురించో, గ్యాసు గురించో, కరెంటు గురించో గొప్పగా వివరించారో, వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీరు చెప్పింది ఏమని అర్థమైందో వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. మధ్యలో నోరు తెరవకుండా, చివరిదాకా వినండి.