చెప్పాల్సి వచ్చినందుకు, చెప్పినందుకు

నిన్న సంతలో నా పక్కన నిలబడ్డ ముసలావిడ చిటికెడు వాము అరచేతిలో వేసుకుని, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ ఘాటు నాకూ తగిలింది. సంచి పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. వాము వాసన వస్తే చాలు, నాకు సుభద్ర టీచరు గారు గుర్తొస్తారు. ఆవిడకు అజీర్తి బాధ. చీర కొంగున ఎప్పుడూ కాస్త వాము ముడేసుకుని ఉండేవారు. పాఠం మధ్యలో నాలుగు గింజలు నోట్లో వేసుకుని, నమిలాకే మా తప్పులు దిద్దేవారు. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. పేరుమోసిన మనిషేం కాదు. గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చి, బందరు పక్కన మా సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్న ఇంగ్లీషు టీచరు.

తొంభైల నాటి మాట. నేను పదో తరగతి. మాది వేట మీద బతికే కుటుంబం. నాన్న విశాఖపట్నంలో ఒక షావుకారు గారి మరబోటు మీద పనిచేస్తూ, రెండు నెలలకోసారి ఇంటికొచ్చేవాడు. నాకు లెక్కలు బాగానే వచ్చేవి గానీ ఇంగ్లీషంటే ఒళ్ళుమంట. మూడు నెలల పరీక్షలో తప్పాక అమ్మే నన్ను లాక్కెళ్ళి టీచరు గారి వరండాలో కూలేసింది. ఒకరోజు హోంవర్కు చేయకుండా వెళ్ళి, చేశాను గానీ పుస్తకం తేవడం మర్చిపోయానని బుకాయించాను. అదేదో ఇంగ్లీషులో చెప్పమన్నారు. "ఐ రిమెంబర్ టు డూ హోంవర్క్, టీచర్" అన్నాను, తడుముకోకుండా, మహా గొప్పగా.

ఆవిడ పకపకా నవ్వారు. "అబద్ధమైనా సరిగ్గా ఆడలేకపోయావు కదే మణీ! రిమెంబర్ టు డూ అంటే చెయ్యాలని గుర్తుందని. రిమెంబర్ డూయింగ్ అంటే చేసినట్టు గుర్తుందని. ఇంకా చెయ్యలేదని నీ నోటితోనే ఒప్పుకున్నావు. కూర్చుని చెయ్యి."

ఆవిడ పద్ధతే అంత. వ్యాకరణం పేర్లు పరీక్షల ముందు ఎప్పుడో చెప్పేవారు. మిగతా రోజుల్లో మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగే మాకు వ్యాకరణం. రిమెంబర్, ఫర్గెట్, రిగ్రెట్ లాంటి కొన్ని క్రియల వెనక 'టు' వస్తే ఆ పని ఇంకా ముందుందని, 'ఇంగ్' వస్తే అయిపోయిందని చెప్పేవారు. అన్నిటికీ ఈ సూత్రం పెట్టి చేతులు కాల్చుకోవద్దని కూడా హెచ్చరించేవారు. తలుపుకు తాళం వెయ్యడం మర్చిపోవడం వేరు, వేసిన సంగతి మర్చిపోవడం వేరు. అక్కడిదాకా బాగానే ఉంది. రిగ్రెట్ దగ్గరికొచ్చేసరికి నాకు విసుగొచ్చింది. 'టు'తో వస్తే చెప్పాల్సి వచ్చినందుకు బాధట. 'ఇంగ్'తో వస్తే చెప్పినందుకు బాధట.

"ఏదైతే ఏంటండీ, బాధ బాధే కదా!" అన్నాను.

"కాదే. మొదటిదాంట్లో ఏడవాల్సింది విన్నవాడు. రెండోదాంట్లో చెప్పినవాడు" అన్నారు. తలాడించి మర్చిపోయాను.

ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. నాన్న ఉన్న బోటు అప్పటికి సముద్రంలోనే ఉంది. గాలి తగ్గిన నాలుగో రోజున షావుకారు గారి ఆఫీసు నుంచి టెలిగ్రాం వచ్చింది. "రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యు బోట్ లాస్ట్." నేనే చదివి అమ్మకు చెప్పాను. అమ్మ ఏడవలేదు. "మనిషిని చూడందే నేను గాజులు తియ్యను" అంది. మా పెదనాన్న పద్ధతుల మనిషి. అయినా తమ్ముడి మీద ప్రేమకొద్దీ ఒక వారం ఆగుదామన్నాడు. షావుకారు ఆఫీసు ఫోన్ నంబరు మా దగ్గరుంది గానీ, స్తంభాలు కూలిపోయి ఎక్కడికీ లైను కలవడం లేదు. టెలిగ్రాం కూడా వైర్‌లెస్ మీద బందరు దాకా వచ్చి, అక్కణ్ణుంచి పోస్టుమాన్ చేతికి వచ్చింది.

వారం తిరిగేసరికి రెండో టెలిగ్రాం వచ్చింది. "రిగ్రెట్ ఇన్ఫార్మింగ్ యు బోట్ లాస్ట్ లెటర్ ఫాలోస్." పోస్టుమాన్ చదివి తల దించుకున్నాడు. "మొదటి కబురేనమ్మా, మళ్ళీ పంపారు. వివరంగా ఉత్తరం రాస్తారంట" అన్నాడు. నేనూ చదివాను. బోట్ లాస్ట్ అన్న రెండు మాటలు తప్ప నా కళ్ళకు ఇంకేమీ ఆనలేదు. వరండాలో నేర్చుకున్నది ఒక్క ముక్క గుర్తు రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

"ఇంకా ఏం చూసుకుని ఆగుతావమ్మా? రేపు పొద్దున్నే కార్యం కానిచ్చేద్దాం" అన్నాడు పెదనాన్న, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ.

అమ్మ రెండు కాగితాలూ నా చేతిలో పెట్టింది. "టీచరమ్మ గారికి చూపించు. ఆవిడ కూడా అదే మాటంటే నేనింక అడ్డు చెప్పను."

టీచరు గారు రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పరిచారు. ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. "మణీ, ఇది 'టు' కాదే, 'ఇంగ్'. చెప్పినందుకు విచారిస్తున్నాం అంటున్నాడు" అని లేచి చెప్పులేసుకున్నారు. నాకు ఇంకా బుర్రకెక్కలేదు. ఆవిడ వెనకాల పరుగులాంటి నడక.

మా ఇంటి ముందు పోస్టుమాన్ ఇంకా ఉన్నాడు. మొదటి కబురు తప్పయి ఉండొచ్చని టీచరు గారు అంటే అతను ఒప్పుకోలేదు. "టెలిగ్రాంలో మాటకింత అని తీసుకుంటారు కదండీ. ఒక మాట కలిసొస్తుందని అలా రాసుంటాడు."

"మాట కలిసి రావాలనుకునేవాడు, చెప్పిన కబురే మళ్ళీ డబ్బులిచ్చి ఎందుకు పంపుతాడండీ? మొదటిదాంట్లో 'టు' శుభ్రంగా రాశాడు. తేడా తెలిసినవాడే" అన్నారు టీచరు గారు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఒక్క రోజు ఆగండమ్మా. రేపు బందరు వెళ్ళి, ఫోను కలిసేదాకా కదలను" అన్నారు. పెదనాన్న అమ్మ మొహం చూసి, సరేనన్నాడు.

మర్నాడు ఆవిడ బడికి సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నారు. పొద్దున్నుంచీ అదే నంబరు, అదే కుయ్‌మనే చప్పుడు. మూడు గంటలకు లైను కలిసింది. ఇంగ్లీషులో రెండు మాటలు అడిగి, తెలుగులోకి దిగిపోయి, "నిజమేనాండీ? పేరు చెప్పండి, పేరు చెప్పండి" అని అరిచారు. ఫోను పెట్టేసి నా భుజాలు పట్టుకున్నారు. "ఉన్నాడే! మీ నాన్న ఉన్నాడు!"

ఇంజను చెడి కొట్టుకుపోయిన బోటు ఒడిశా తీరాన తేలిందట. అందరూ బతికే ఉన్నారట. నేను ఆవిడ నడుం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. వారం రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు దిగిపోతుంటే నవ్వూ వచ్చింది. "తప్పుడు కబురు పంపినందుకు విచారం తెలిపాం కదా మేడం" అన్నాడట ఫోనెత్తిన గుమాస్తా. అందరూ క్షేమం అని రెండు మాటలు రాస్తే ఆ మహానుభావుడి సొమ్మేం పోయిందో! నాన్న పది రోజులకు ఇంటికొచ్చాడు. అమ్మ ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత అన్నం పెట్టింది. టీచరు గారు నీచు ముట్టరని చెబుతున్నా వినకుండా నాన్న ఒక పెద్ద పండుగప్ప చేపను మోసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో పెట్టొచ్చాడు.

చాలా ఏళ్ళకు, నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి గుడివాడ వెళ్ళాను. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. ఆ రోజు అంత నమ్మకం ఎలా వచ్చిందండీ అని అడిగాను.

"నమ్మకమా, నా మొహమా! ఆ టెలిగ్రాం రాసినవాడికి నిజంగా ఇంగ్లీషు వచ్చో రాదో నాకేం తెలుసు? బూత్‌లో కూర్చున్నంతసేపూ వాము నములుతూనే ఉన్నాను."

"మరి అమ్మతో అలా చెప్పారు?"

"బతికున్నాడని చెప్పానా? ఆగమన్నానంతే. గాజులు రేపైనా తియ్యొచ్చు. ఇవాళ పగలగొట్టినవి రేపు అతికించగలమా?"

ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసుకు, చదవడం రాని వాళ్ళు ఇంగ్లీషు కాగితాలు పట్టుకుని భయం భయంగా వస్తారు. ఒకసారి చదువుతాను. మళ్ళీ మొదటినుంచి, ప్రతి క్రియనూ చివరిదాకా చదువుతాను. అప్పటిదాకా నోరు విప్పను. చాలాసార్లు చెడ్డ కబురు చెడ్డ కబురుగానే ఉంటుంది, దాన్ని నేనేం మార్చలేను. ఇంతసేపా అని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఒక మనిషి అలా ఆలస్యం చేయబట్టే, మా నాన్న గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు మా అమ్మ చేతులకు గాజులున్నాయి.