మూడు చేపలా, నాలుగా

నేను కొన్నవి మూడే చేపలు. అడిగితే ఇప్పటికీ ఆ మాటే చెబుతాను, కానీ ఒట్టు వేసి చెప్పలేను.

మేం మచ్చ బొల్లారంలో అద్దెకుంటాం. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా నాన్నను, అంటే బాపును, శామీర్‌పేట నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాం. నలభై ఏళ్లు చెరువులో వల వేసిన మనిషి, రెండో అంతస్తులో టీవీ ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడు. కాలక్షేపంగా ఉంటుందని ఒక అద్దాల తొట్టి కొన్నాను. దుకాణమతను వేలెడంత పొడుగున్న చేపల్ని చూపించాడు. పాముపిల్లల్లా సన్నగా, గోధుమరంగు ఒంటి మీద పసుపు పట్టీలతో ఉన్నాయి.

"వీటికి సిగ్గెక్కువ సార్. మనుషులు కనవడితే ఇసుకల దూరుతయ్," అన్నాడు.

కనబడని చేపను ఇంటికి తెచ్చుకోవడం ఎందుకన్నది నాకప్పుడు తోచలేదు. ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నవాటిని అలాగే నీళ్ల సంచిలో వేయించుకుని వచ్చాను.

తొట్టిలో వదిలిన నిమిషానికి అన్నీ మాయం. వారమంతా ఖాళీ నీళ్లకే మేత వేశాను. "ఉత్త నీళ్లకు బువ్వ పెడుతున్నవ్," అని నా భార్య నవ్వింది. బాపు మాత్రం పొద్దంతా తొట్టినే చూస్తూ కూర్చునేవాడు.

ఆదివారం ఇల్లు ఊడుస్తుంటే ఫ్రిజ్ వెనక ఒక చేప దొరికింది. ఎండి పుల్లలా ఉంది. తొట్టి మూత సందులోంచి ఎగిరి పడ్డట్టుంది. బాపు దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు.

"పడి శాన దినాలైంది," అన్నాడు.

"అయితే ఇగ రెండే బాపూ."

"రెండెట్ల? పొద్దుగాల మూడు జూసిన."

"నేను తెచ్చిందే మూడు. ఒకటి సచ్చె."

"ఏమో రా. నేనైతే మూడే జూసిన."

వంటింట్లో నా భార్య గొంతు తగ్గించి, "మొన్న మాత్ర ఏసుకొని గూడ ఏసుకోలేదన్నడు మామ. ఒకపారి డాక్టర్‌కు సూపియ్యి," అంది. నాకు భయం పట్టుకుంది. మర్నాడు దవాఖానకు తీసుకెళ్లాను. ఇయ్యాల ఏ వారం, మనవరాలి పేరేంటి, పొద్దున ఏం తిన్నావని డాక్టర్ అడిగాడు. అన్నిటికీ బాపు తడుముకోకుండా చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "గా చేపల గురించేనా తోల్కపోయినవ్?" అని అడిగాడు. మోకాలి కోసమన్నాను.

ఆ వారం చివర తొట్టి కడుగుదామని రాళ్లు తీసి, ఇసుకను గ్లాసుతో మెల్లగా తోడాను. ఒకటి బయటపడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మూడోది. మూడింటినీ బకెట్లో వేసి మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ఒకటి మిగతావాటికన్నా చిన్నదిగా అనిపించింది, లేదా నేనే అలా అనుకున్నాను.

దుకాణానికి ఫోన్ చేశాను. "చుట్టుకొని ఉంటయ్ గద సార్, నాలుగు వచ్చినయేమో," అన్నాడు.

"ఇంట్లనే పిల్లలు పెట్టిందేమో?"

"అది శాన తక్కువ. పెట్టదని గూడ చెప్పలేను."

బాపును పిలిచి బకెట్ చూపించాను. నేను చెప్పలే? అంటాడనుకున్నాను. ఆయన కర్ర మీద ఆనుకుని చాలాసేపు వంగి చూశాడు.

"నాగ్గూడ అనుమానమొచ్చింది రా. దవాఖానకు పోయొచ్చినంక, ఒక్కదాన్నే మూడుమాట్ల జూసిన్నేమో అనుకున్న. అప్పటి సంది లెక్కపెట్టుడు బంద్ జేసిన."

తప్పయిందని చెప్పాలనిపించింది. కానీ దేనికని చెప్పాలి? నా లెక్క తప్పని తేలలేదు, ఆయన చూపు తప్పనీ తేలలేదు.

"జల్దీ ఇడువు, బకెట్ల భయపడుతున్నయ్," అన్నాడు బాపు.

వదిలాను. మూడూ ఇసుకలోకి దూరిపోయాయి.