కుపండోల్ ఎత్తు మీద దిల్మాయ టెంపో

మా ఊరికి కరెంటు బండ్లు ఇప్పుడొచ్చాయట! మొన్న పేపరు చూసి ఒళ్ళు మండిపోయింది. నిగనిగలాడే వ్యాన్ల ఫొటో వేసి, కాఠ్మాండూలో కొత్త కాలం మొదలైందని రాశాడు ఎవరో కుర్ర విలేకరి. అతను పుట్టకముందు నుంచీ ఈ వీధుల్లో పొగ లేకుండా తిరుగుతున్న మూడు చక్రాల టెంపో అతని కంటికి ఆనలేదు కాబోలు. పక్కనే పాటన్ షెడ్లలో మావాళ్ళే రేకులు వంచి, బిగించి, రంగులేసిన బండి అది. దాన్ని తోలినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళలో ఒకరి గురించి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఆమె పేరు దిల్మాయ మోక్తాన్.

దిల్మాయది మక్వాన్‌పుర్ కొండల్లో తమాంగ్ తెగవాళ్ళ పల్లె. ఊహ తెలిసేసరికే ఇక్కడి బౌద్ధా స్తూపం దగ్గర తివాచీల మగ్గం ముందు కూర్చుంది. ఆ ఉన్ని దుమ్ముకి పట్టిన దగ్గు ఇప్పటికీ వదల్లేదు. కట్టుకున్నవాడు డీజిల్ టెంపో తోలేవాడు. ఊరంతా పొగచూరిపోతోందని సర్కారు డీజిల్ టెంపోలను లోయ దాటించినప్పుడు, అతను బండితో పాటు కింద మైదానాలకి పోయి మళ్ళీ రాలేదు. ఈమె ఏడుస్తూ కూర్చోలేదు. మొగుడి బండిని వెళ్ళగొట్టిన కరెంటు టెంపోనే పట్టుబట్టి నేర్చుకుంది.

"సవతి పంచన చేరి బతుకుతున్నాను దాయ్" అనేది నాతో నవ్వుతూ. తనకన్నా పెద్దవాళ్ళైన మగవాళ్ళందరూ ఆమెకి దాయ్‌లే, అంటే అన్నలే; ఆడవాళ్ళందరూ దీదీలే, అంటే అక్కలే. నేను ఆమెని బహినీ అని, అంటే చెల్లీ అని పిలిచేవాణ్ణి.

నేను త్రిపురేశ్వర్ సందులో టోపీలు కుట్టేవాణ్ణి; ఆ దారినే రోజూ తిరిగే టెంపో కాబట్టి దిల్మాయతో పరిచయం. మా ఆవిడ హీరామాయకి మూత్రపిండాలు పాడై, వారానికి రెండుసార్లు లగన్‌ఖేల్ ఆస్పత్రిలో డయాలసిస్ చేయించాల్సి వచ్చేది. సరిగ్గా అప్పుడే, ఆ చలికాలంలో, ఇండియా సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయాయి. పెట్రోలు లేదు, వంటగ్యాసు లేదు. తప్పెవరిదని మాత్రం నన్నడక్కండి, నాకు బీపీ పెరుగుతుంది. టాక్సీలు మూలపడ్డాయి. బస్సుల టాపుల మీద కూడా కాలు పెట్టే చోటు లేదు. ఒకసారి బండి దొరక్క మా వంతు తప్పిపోయింది. మా ఆవిడ కాళ్ళు ఉబ్బిపోయాయి, పడుకుంటే ఊపిరాడేది కాదు. ఈసారి కూడా వేళకి తీసుకురాకపోతే మనిషి దక్కదని డాక్టరు మొహమ్మీదే చెప్పాడు.

ఆ మాట దిల్మాయకి చెప్పుకొని ఏడ్చాను.

"ఎందుకేడుస్తావు దాయ్? నా పక్క సీటు దీదీది. మంత్రిగారొచ్చి కూర్చున్నా దింపేస్తా" అంది.

అన్నట్టే మా వంతు రోజు ఉదయం సందు మొదట్లోకి వచ్చింది. మా ఆవిడని ముందు కూర్చోబెట్టి, నేను వెనక జనంలోకి దూరాను. ఎదురుగా ఒక ముసలాయన కొత్తగా కొన్న కరెంటు పొయ్యిని పెట్టెతో సహా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పూటకోసారి కరెంటు పోతుంటే దాని మీద ఏం వండుతావు తాతా?" అంది ఒకామె.

"ఓపిక వండుకుంటానమ్మా. నువ్వూ రా భోజనానికి" అన్నాడాయన. నవ్వే స్థితిలో లేని నాకు కూడా నవ్వొచ్చింది.

వాగ్మతి వంతెన దాటి కుపండోల్ ఎత్తు ఎక్కుతున్నాం. మా టెంపోల్లో దిగాల్సినవాళ్ళు నోరు విప్పరు, నాణెంతో పైరేకు మీద టకటకా కొడతారు. కొట్టిన చోటల్లా బండి ఆగాలి. ఒకడు దిగిన నాలుగడుగులకి ఇంకొకడు కొడతాడు. ముందే దిగి నడవడం మావాళ్ళకి నామోషీ.

సగం ఎత్తులో బండి నీరసించింది. దిల్మాయ కళ్ళు బ్యాటరీ ముల్లు మీదే ఉన్నాయి. రాత్రంతా కరెంటు లేక చార్జింగు సగమే ఎక్కిందట. తల తిప్పకుండానే అంది:

"అందరూ వినండి. ఆపితే మళ్ళీ కదిలే సత్తువ ఈ బండికి లేదు. ఆస్పత్రి దాకా ఎక్కడా ఆపను. నా పక్కనున్న దీదీకి వేళ మించిపోతోంది. మీకు దణ్ణం పెడతా, ఎవరూ నాణెం కొట్టకండి."

ఇంజను రొద లేని బండి కదా, చివర కూర్చున్నవాళ్ళకీ వినబడింది. అప్పటికే ఒక కోటు మనిషి నాణెం పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఉన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు.

"కొట్టావంటే చెయ్యి విరిచేస్తా!"

"తల గోక్కుందామని ఎత్తాను దాయ్, కూర్చో" అని అతను నాణెం జేబులో వేసుకున్నాడు.

పక్కన నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోతున్నారు. ముందు నుంచి మా ఆవిడ ఊపిరి తీసే చప్పుడు వినిపిస్తోంది. కుపండోల్ దుకాణాలు దాటాం. పుల్చోక్ కూడా దాటాం. పైరేకు మీద చిన్న చప్పుడు కూడా లేదు. అందరికీ లగన్‌ఖేల్లోనే పనుంది కాబోలు, మా అదృష్టం అనుకున్నాను.

ఆస్పత్రి గేటు ముందు బండి ఆగింది. నేను మా ఆవిడని దింపుకుంటుండగా అందరూ దిగారు. దిగి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టారు. కోటు మనిషి దాదాపు పరిగెడుతున్నాడు. ముసలాయన పొయ్యి పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"వీళ్ళెటు పోతున్నారు బహినీ?" అన్నాను.

దిల్మాయ శాలువా కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవరి చోటికి వాళ్ళు. ఆ కోటాయన కుపండోల్లో దిగాలి. తాతది పుల్చోక్. రోజూ నా బండెక్కేవాళ్ళే కదా, ఎవరెక్కడ కొడతారో నాకు తెలీదా? ఇక్కడ పనున్నవాళ్ళు ఒక్కరూ లేరు దాయ్" అంది.

నా భుజానికి వేలాడుతున్న మా ఆవిడ అంతా వింది. నన్ను ఆగమని, చేతులు రెండూ దగ్గరకు తెచ్చి, నడిచిపోతున్న వాళ్ళ వీపులకి నమస్కారం పెట్టింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

"నేను చెబుతాలే దీదీ. రేపు ఎక్కుతారుగా" అంది దిల్మాయ.

చెప్పింది కూడా. ఆ తర్వాత మా ఆవిడ బతికిన మూడేళ్ళూ, ముందు సీట్లో ఎక్కి కూర్చున్నప్పుడల్లా, వెనక నుంచి ఎవరో ఒకరు "ఒంట్లో ఎలా ఉంది దీదీ?" అని అడుగుతూనే ఉన్నారు.