సూదమ్మ విప్పిన బొంత

మా పెద్దమ్మను ఆసుపత్రిలో అందరూ సూదమ్మ అనేవారు. ఆ పేరు వినగానే పిల్లల వార్డులో సగంమంది దుప్పట్లో దూరేవారట, ఇంజెక్షను పొడిచే మనిషి వస్తోందనుకుని. నిజానికి ఆమె సూది ఏనాడూ మనుషుల జోలికి పోలేదు. ఆమె వైద్యమంతా చిరిగిన దుప్పట్లకి, దిండు గలీబులకి, ఆపరేషను గదిలో వేసుకునే ఆకుపచ్చ గౌన్లకి, వార్డు కిటికీల పరదాలకి. పందొమ్మిదో ఏట ఆ పనిలో చేరి ముప్పై ఒక్క ఏళ్లు చేసింది.

ఆమె గది ఆసుపత్రి నేలమాళిగలో, ఆవిరి బాయిలరు పక్కన ఉండేది. ఒక పొడవాటి బల్ల, కాలితో తొక్కే మిషను, గోడకి కొట్టిన మేకుల మీద దారపు కండెలు. చలికాలంలో నర్సులు టీ గ్లాసులు పట్టుకుని అక్కడికే చేరేవారు. ఎండాకాలంలో ఒక్కరూ తొంగిచూసేవారు కారు. పెద్దమ్మ తడి తువ్వాలు మెడకి చుట్టుకుని రెండు కాలాల్లోనూ ఒకేలా పని చేసేది. నేను సెలవుల్లో వెళ్లి ఆ బల్ల కింద కూర్చునేదాన్ని. ఆమె ప్రతి దుప్పటినీ బల్బుకి ఎదురుగా పట్టుకుని చూసేది. చిరుగు కోసం కాదు, బట్ట పలచబడి వెలుతురు ఎక్కువగా వచ్చే చోటు కోసం. చిరిగాక కుట్టడానికి ఎవరైనా పనికొస్తారని, చిరగబోయే చోటు ముందే పట్టుకోవడమే తన ఉద్యోగమని చెప్పేది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం వినబడేది. దాచుకునే ప్రయత్నం కూడా చేసేది కాదు.

ఆమెకి యాభై ఏళ్లప్పుడు ఆసుపత్రివాళ్లు బట్టల పనంతా బయట ఒక సంస్థకి అప్పగించేశారు. చిరిగినవి పారేసి కొత్తవి తెస్తారట, ఇక కుట్టేది ఏమీ లేదు. పెద్దమ్మని చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చోమన్నారు. వారం కూర్చుని, ఎనిమిదో రోజున తన మానాన తాను ఉద్యోగం వదిలేసింది. పోతూ పోతూ ఒక అర్జీ పెట్టింది, పాత ఇనుము కింద పోబోతున్న తన మిషనుని తనకి ఇప్పించమని. దాన్ని ఏం చేసుకుంటారని అడిగాడు అధికారి. "కుడతానండి" అంది. అంతకన్నా ఏం అడగాలో ఆయనకి తోచక సంతకం పెట్టేశాడు.

మా పెదనాన్న చేతి గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని ఇంటి ముందు గదిలో కూర్చునేవాడు. ఆ గదిలోనే సగం ఖాళీ చేయించి పెద్దమ్మ మిషను పెట్టించింది. అప్పటి నుంచి ఆయన చెవిలో టిక్కుటిక్కు, ఈమె కాలి కింద టకటక. నా చిన్నప్పటి గౌన్లతో నాకో బొంత కుట్టింది మొదట. దాన్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లని చూసి వీధివాళ్లు, పోయినవాళ్ల బట్టలో ఎదిగిన పిల్లల బట్టలో మూట కట్టుకుని రావడం మొదలుపెట్టారు.

బట్టలతోపాటు సామాన్లూ వచ్చేవి. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లకి వాటిని పారేయడానికి మనసొప్పదు, పెట్టుకోవడానికి చోటుండదు. బొగ్గులు వేసే ఇస్త్రీ పెట్టె, పంపు కొట్టే స్టవ్వు, చేత్తో తిప్పే కాఫీ గింజల మర, నీలం అంచు పింగాణీ పళ్లేలు. "మీ దగ్గరుంచండి, ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయండి" అని పెట్టేసి పోయేవారు. పెదనాన్న ఇది ఇల్లా గోదామా అని సణుగుతూనే వాటికి అలమార కట్టించాడు. బొంత కోసం వచ్చినవాళ్లు ఆ అలమార ముందు ఆగిపోయేవారు. ఒకాయన పంపు స్టవ్వు చూసి, దాని శబ్దం ఆగిపోతే తప్ప వంట అయినట్టు తెలిసేది కాదని, ఆ నిశ్శబ్దం వినగానే పిల్లలంతా పళ్లేలు పట్టుకుని పరుగెత్తేవారని గంటసేపు చెప్పాడు. పెద్దమ్మ ఆపేది కాదు. ఆ మాటల్లోనే ఆమెకి ఏ గుడ్డ బొంత మధ్యలో ఉండాలో, ఏది అంచుకి పోవాలో తెలిసిపోయేది.

ఆమెకి అరవై మూడేళ్లప్పుడు ఒక ఆదివారం ముగ్గురు తోబుట్టువులు వచ్చారు. పెద్దామె బ్యాంకులో పనిచేసి రిటైరయింది. నడిమివాడు డ్రాయింగు మాస్టారు. చిన్నామెకి మందుల షాపు ఉంది. అక్కకీ ఆమెకీ పదకొండేళ్ల తేడా. రెండు నెలల కిందట వాళ్లమ్మ ఎనభై నాలుగో ఏట పోయింది. ఇంట్లో సామాను పంచుకున్నారు. గోడ గడియారం మాస్టారికి, పాత వాల్వుల రేడియో చిన్నామెకి, ట్రంకు పెట్టె పెద్దామెకి. అన్నీ సాఫీగా జరిగాయి. బొంత దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ మొండికేశారు. అది అమ్మ చేత్తో కుట్టింది, ముగ్గురూ దాని కిందే పెరిగారు. పదిరోజులు మాటలు పెరిగి, చివరికి మూడు ముక్కలు చేయిద్దామన్న చోట ఆగారు.

బొంత బల్ల మీద పరిచాక పెద్దమ్మకి తెల్లటి గీతలు కనిపించాయి. మాస్టారు ముందే స్కేలు పెట్టి కొలిచి, సుద్దముక్కతో మూడు సమ భాగాలు గీసి తెచ్చాడు.

"కత్తెర పెట్టడమే ఆలస్యం అన్నమాట" అంది పెద్దమ్మ.

మాస్టారు తల దించుకున్నాడు. పెద్దామె మాత్రం, గీతలు తనకి నచ్చలేదని, పెద్దదాన్ని కాబట్టి తనకి మధ్య ముక్క రావాలని అంది. చిన్నామె కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

పెద్దమ్మ వాళ్ల తగవులోకి పోలేదు. బొంత ఒక మూల పట్టుకుని ఎత్తి చూసింది. ఉండాల్సినదానికన్నా రెండింతలు బరువుంది. అంచు వెంట వేలు పెట్టి నడిపించింది. పైన కుట్లు పొడుగ్గా, ఎడంగా ఉన్నాయి. ఒకచోట దారం తెగి నోరు తెరుచుకుంటే లోపల ఇంకో అంచు కనిపించింది. దాని మీద చిన్న చిన్న కుట్లు, బియ్యపు గింజంత.

"ఈ పై వరసలు కుట్టినప్పుడు మీ అమ్మగారికి అసలు తీరిక లేదు, కదూ?" అని అడిగింది.

పెద్దామె ఉలిక్కిపడింది. నాన్న పోయాక అమ్మ ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో రెండు షిఫ్టులు చేసేదని, ఆ రోజుల్లోనే ఈ బొంత కుట్టిందని చెప్పింది.

"లోపల ఇంకో బొంత ఉంది. దాని లోపల ఏముందో నాకు తెలీదు. కొయ్యడం అరనిమిషం పని. ముందు విప్పి చూద్దాం. చూశాక కూడా కొయ్యమంటే కత్తెర ఎక్కడికీ పోదు" అంది పెద్దమ్మ. అయితే ఒక షరతు పెట్టింది. విప్పడం తానొక్కతే చెయ్యదు. ముగ్గురూ ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుని విప్పాలి. ఒక్కరు రాకపోయినా ఆ వారం పని జరగదు.

మొదటి ఆదివారం ముగ్గురూ మూడు వైపులా కూర్చున్నారు. పెద్దమ్మ తలా ఒక చిన్న బ్లేడు ఇచ్చి, దారాన్ని మాత్రమే తెంపాలని, బట్టని తాకకూడదని నేర్పింది. గంటసేపు దారాలు తెంపి పక్కన పోశారు. తర్వాత మాస్టారి చేతికి ఒక గళ్ల గుడ్డ వచ్చింది. చెల్లెలి మొదటి స్కూలు యూనిఫాం అది. ఆమె బడికి పోనని గేటు పట్టుకుని వేలాడితే చేతులు విడిపించడానికి వాచ్‌మన్ కూడా రావాల్సి వచ్చిందని ఆయన గుర్తుచేశాడు. చిన్నామె నవ్వింది. అలా మొదలయ్యాక ఇక ఆగలేదు. ఇది వంటింటి పరదా, ఇది అమ్మ క్యాంటీనులో కట్టుకునే ఏప్రను, ఇది అన్నయ్య సిరా ఒలకబోసుకున్న చొక్కా. పెదనాన్న కూడా భూతద్దం తీసి పక్కనపెట్టి వినేవాడు.

మూడో ఆదివారం పై పొర పూర్తిగా ఊడివచ్చింది. దాన్ని తిరగేశారు. పైకి కనబడే వైపు రంగురంగుల ముక్కలు. లోపలికి తిరిగి ఉన్న వైపు నడుమంతా ఖాకీ బట్ట. ఒక మగమనిషి కోటుని కుట్లు విప్పి, చేతులు చాపినట్టు పరిచి, అస్తరుగా వేసి కుట్టారు. ఎడమవైపు జేబు అలాగే ఉంది. జేబు పైన చిన్న చదరం మేర ఖాకీ రంగు వెలిసిపోకుండా కొత్తదానిలా మిగిలింది.

"రెండు వందల పదహారు" అంది పెద్దామె. బస్సు డ్రైవరుగా వాళ్ల నాన్న పెట్టుకునే ఇత్తడి బిళ్ల మీది అంకె అది. బిళ్ల ఉన్నచోట ఎండ తగలలేదు.

చిన్నామెకి తొమ్మిది నెలలప్పుడు ఆ నాన్న గుండె ఆగి పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒకటుంది తప్ప ఆయన వస్తువేదీ ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. అమ్మ అన్నీ ఇచ్చేసిందనే అందరూ అనుకున్నారు. చిన్నామె ఆ ఖాకీ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"నన్ను ఎత్తుకునేవాడా, అక్కా?"

"ఎత్తుకోవడమేంటి, దించితే కదా. డ్యూటీ నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా నిన్ను ఎడమ చేతి మీద వేసుకునేవాడు. కుడి చేత్తో గోడ గడియారానికి కీ ఇచ్చేవాడు. నువ్వా బిళ్లని నోట్లో పెట్టుకుంటే అమ్మ తిట్టేది."

ఈ మాట ఇన్నేళ్లలో ఎందుకు చెప్పలేదని చిన్నామె అడిగింది. చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు, ఎత్తితే ఏడుస్తుందని అమ్మ దగ్గర ఎత్తలేదు, అలా ఏళ్లు గడిచిపోయాయి అంది అక్క. అమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా రోజూ పిల్లలకి ఆ కోటే కప్పింది.

దాని కింద రెండో బొంత మాస్టారు పుట్టినప్పటిది, గట్టిగానే ఉంది. అన్నిటికన్నా లోపలిది పెద్దామె పుట్టకముందు కుట్టినది. అమ్మకి అప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ బియ్యపు గింజ కుట్లు దీని మీదా ఉన్నాయి. కానీ బట్ట సాలెగూడులా అయిపోయింది. పైకెత్తితే తన బరువుకి తానే చిరుగుతోంది.

ఎవరికేది అన్న మాట మళ్లీ వచ్చింది. ఈసారి గొంతులు వేరు. రెండోది మాస్టారికి పోతే, లోపలి పేలికలే పెద్దామె వంతు కాబోతున్నాయని చిన్నామెకి అర్థమైంది. "అక్కా, పైది నువ్వే తీసుకో. దాని మధ్య ముక్కే కదా నువ్వు అడిగావు" అంది.

పెద్దామె తల అడ్డంగా ఊపింది. "అది నీది. నాకు నాన్న తెలుసు."

తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, ఈ పేలికల్ని నిలబెట్టడం అయ్యే పనేనా అని అడిగింది. పెద్దమ్మ దాన్ని జాగ్రత్తగా రెండు చేతుల మీదికి తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. ఒక్కో అంగుళం చూసింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె చేసింది అదే కదా.

"అవుతుంది. నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో ఎంతవరకు వచ్చిందని అడగొద్దు."

చెప్పినట్టే చేసింది. మెత్తటి పాత దుప్పటి ఒకటి అడుగున పరిచి, దాని మీద ఆ బొంతని పోగు పోగుగా పట్టి కూర్చింది. మిషను ముట్టలేదు, అంతా చేతి కుట్టే. వాళ్లమ్మ కుట్టు ఒక్కటి కూడా విప్పలేదు. ఆమె సూది దిగిన రంధ్రాల్లోంచే తన సూది దించింది. ఒకరోజు నన్ను పిలిచి వేలు పెట్టి చూడమంది. ఏది పాతదో ఏది కొత్తదో నాకు తెలియలేదు. "తెలీకూడదు" అంది, అంతే.

అప్పగించే రోజున పెద్దమ్మ మళ్లీ షరతు పెట్టింది. ట్రంకులో పెట్టి తాళం వేస్తే ఊరుకోనని, రోజూ కప్పుకోవాలని చెప్పింది. పాడైపోతుందేమోనని పెద్దామె భయపడితే, పాడైతే తానున్నానని అంది. చిన్నామె బొంతకి మాత్రం ఒక మార్పు జరిగింది. ఖాకీ ఇప్పుడు బయటికి ఉంటుంది. ఆమె కోరింది, పెద్దమ్మ తిరగేసి కుట్టింది.

ఆ తర్వాత అసలు చిత్రం ఏమిటంటే పెద్దామె ఆదివారాలు రావడం మానలేదు. మొదట ఊరికే కూర్చునేది. తర్వాత సూది అడిగింది. బ్యాంకులో ముప్పై ఐదేళ్లు సంతకాలు పెట్టిన చెయ్యి కుట్టుకి లొంగడానికి ఏడాది పట్టింది. ఆమె వెంట ఇంకో ఇద్దరు స్నేహితురాళ్లు, ఆపైన మాస్టారి భార్య చేరారు. ముందు గది చాలక పెదనాన్న తన బల్లని వరండాలోకి మార్చుకున్నాడు. అక్కడ వెలుతురు బాగుంటుందని చెప్పుకుంటాడు.

పెద్దమ్మకి ఇప్పుడు డెబ్బై ఒకటి. మొన్న వెళ్లేసరికి ఒక మంగలాయన తాత నాటి గుడ్డలు, జుట్టు కత్తిరించేటప్పుడు మెడకి చుట్టేవి, ఇరవై తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అన్నీ తెలుపే, వీటితో బొంత అందంగా వస్తుందా అని ఆయన సందేహం. పెద్దమ్మ ఒకటి తీసి దులిపి చూసి, తెలుపులో ఇన్ని తెలుపులుంటాయని ఆయనకి తెలియదని నవ్వింది. వచ్చే ఆదివారం రమ్మంది, తాతగారి గురించి చెప్పడానికి ఇంట్లో ఇంకెవరున్నా వెంటబెట్టుకుని రమ్మంది.