మరిది బిగించిన షట్టరు

కరుణకు పేరులో తప్ప ఇంకెక్కడా కరుణ లేదని కోదాడలో ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళు చెప్పుకుంటారు. క్లచ్ మీద నుంచి కాలు తీయనివాడు బ్యాంకు మేనేజరైనా సరే, మోకాలి మీద స్కేలు దెబ్బ పడాల్సిందే. గరిడేపల్లిలో ఆమె తండ్రి రాజారత్నం ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. మడ్గార్డు మీద కూర్చుని తండ్రి చేతులు చూసి నేర్చుకున్న పిల్ల, ఆయన జ్వరంతో మంచం పట్టిన ఏడాది తానే పొలం దమ్ము చేసింది. గట్టు మీద నిలబడి నవ్వినవాళ్ళు ఎవరెవరో ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఎవరినీ మరిచిపోదు, ఎవరినీ ఊరికే నమ్మదు. షట్టరు విషయంలో మాత్రం నమ్మింది. అదీ తన ఇష్టంతో కాదు.

చిలుకూరు బడిలో టీచరైన జోసెఫ్‌ను పెళ్ళి చేసుకుని కోదాడ వచ్చాక ఆమె డ్రైవింగ్ స్కూలు పెట్టింది. కార్లు వీధిలోనే ఉండేవి. కోతులు వైపర్లు పీకేవి, అద్దాలు విరిచేవి. ఇక లాభం లేదని ఇంటి పక్క ఖాళీ జాగాలో షెడ్డు కట్టించింది. ముందు భాగానికి షట్టరు పెట్టించాలని ఇంట్లో అన్న రోజే అత్త దేవమ్మ తేల్చేసింది.

“బయటోళ్ళెందుకు? మన సాంసన్ లేడా?”

సాంసన్ జోసెఫ్ తమ్ముడు. ఖమ్మం రోడ్డులో వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్స్ చేసేవాడు, షట్టర్లు కొత్తగా మొదలుపెట్టాడు. మాట తీపి, పని తొందర. కరుణకు మొదటి నుంచీ మనసొప్పలేదు.

“కార్లు రెండు పట్టే షెడ్డు. గంత వెడల్పు షట్టరు వాడు ఇంతకుముందు పెట్టిండా?” అని జోసెఫ్‌ను అడిగింది.

“ఇంటోడు గదా కరుణా. కాదంటే అమ్మ అన్నం మానేస్తది” అన్నాడు జోసెఫ్. గొడవ రాకుండా ఉండటమే ఆయనకు తెలిసిన న్యాయం.

సాంసన్ షట్టరు పెట్టాడు. నీలం రంగు వేశాడు, ప్రార్థన చేయించాడు, ఫొటో తీసి తన షాపు గోడకు అతికించుకున్నాడు. నెల తిరగకముందే అది ఎత్తేటప్పుడు ఒక పక్కకు ఒరగడం మొదలైంది. దించేటప్పుడు చేతిలో నుంచి జారి దబ్బున పడేది. కరుణ పిలిచినప్పుడల్లా సాంసన్ నవ్వుతూ వచ్చేవాడు.

“కొత్తది గదా వదినా, సెట్ అయితది. జర గ్రీజు పెట్టు.”

“గ్రీజుతోని పోయే రోగం కాదిది. పైన గోడల ఏదో కదులుతున్నది, సూడు.”

“నీకు కార్ల సంగతి తెలుసు. ఇనుము సంగతి నాకు వదిలెయ్యి” అని చాయ్ తాగి వెళ్ళిపోయేవాడు. ఒక్కసారైనా నిచ్చెన ఎక్కలేదు.

ఒక ఉదయం కరుణ కారును వెనక్కి నడిపి షెడ్డులో పెట్టింది. ఇంజను ఆపి, తాళం తీసుకుని దిగుతోంది. దేవమ్మ షెడ్డు ముందు నీడలో పీట వేసుకుని గోంగూర తుంచుతోంది. “పాలు పొంగుతున్నయేమో సూడు పిల్లా” అని తలెత్తి అంటుండగానే పైన గోడ పెళ్ళున పగిలింది. చుట్టుకుని ఉన్న షట్టరు ఒక కొస ఊడి, మొత్తం కిందికి దూకింది. దేవమ్మ వెనక్కి జరిగింది కానీ కుడికాలు జరగలేదు. దవాఖానలో నలిగిన కాలివేళ్ళలో ఒకటి తీసేశారు. రెండోది నిలబెట్టారు.

సాంసన్ దవాఖానకు వచ్చాడు. తల్లి కాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, వరండాలో బంధువులంతా ఉండగా వదిన వైపు తిరిగాడు.

“నిజం చెప్పు వదినా. రివర్స్‌ల కారు తగిలిచ్చినవ్ గదా? లేకుంటే గోడకున్న బోల్టు ఊకెనే ఊడుతదా?”

కరుణకు చెంప మీద కొట్టినట్టయింది. “కారు ఆపి దిగుతున్న. మీ అమ్మ కండ్ల ముందే ఉన్నది. పోయి అడుగు.”

అందరూ మంచం చుట్టూ చేరారు. దేవమ్మ కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. కళ్ళు మూసుకుంది.

“నాకేం తెలుసు? నేను కూర దిక్కు సూస్తున్న.”

కారు దిగుతున్న తనను చూసి పాలు పొంగుతున్నాయేమో చూడమన్న మనిషే ఆ మాట అంది. కరుణ మంచం దగ్గర పెట్టిన తన సంచి తీసుకుని బయటికి నడిచింది. ఆ రోజు నుంచి అత్తకు కట్టు మార్చింది, అన్నం పెట్టింది. మాట మాత్రం కలపలేదు.

పడిపోయిన షట్టరును తిరిగి తానే నిలబెడతానని సాంసన్ కబురు పంపాడు. కరుణ ఒప్పుకోలేదు. “నా ఇంట్ల వాని చెయ్యి పడదు” అని జోసెఫ్‌తో చెప్పి, సూర్యాపేట బస్సెక్కింది.

సూర్యాపేటలో అద్దాల షోరూము. రిమోటు నొక్కితే మెత్తగా పైకి జరిగే తలుపు చూపించాడు అక్కడి కుర్రాడు. రంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. చల్లటి నీళ్ళిచ్చాడు.

“తలుపు బాగుంది. బిగించేది ఎవరు?” అంది కరుణ.

“మా టీమ్ ఉంటది మేడం.”

“టీమ్ అంటే ఎవరు? మనిషి పేరు చెప్పు. ఆ మనిషి బిగించిన ఇల్లొకటి చూపియ్యి, పోయి సూసొస్త.”

“అట్ల చూపియ్యరు మేడం. కంపెనీ గ్యారంటీ ఉంది గదా.”

“కంపెనీ వచ్చి నిచ్చెన ఎక్కుతదా?”

కుర్రాడి నవ్వు ఆరిపోయింది. “కొనేటోళ్ళు గిన్ని ప్రశ్నలు అడగరు మేడం” అన్నాడు. “అడగకనే మా ఇంట్ల ఒకామె కాలివేలు పోయింది” అని కరుణ ఆ రంగుల పుస్తకాన్ని బల్ల మీద విసిరినట్టే పెట్టి లేచింది.

మిర్యాలగూడలో రైసు మిల్లులకు షట్టర్లు పెట్టే బీరయ్య గురించి ఆమె దగ్గర నేర్చుకున్న ఒక లారీ ఓనరు చెప్పాడు. బీరయ్య షాపులో కుర్చీ లేదు. వచ్చిన మనిషిని చూసి అతను గ్రైండరు కూడా ఆపలేదు.

“ఎంతయితదో చెప్పు” అని కరుణ అరిచింది.

“గోడ సూడకుండ ఏం చెప్పాలె? నీ నెత్తి సూసి చెప్పాల్నా?”

“మర్యాదగ మాట్లాడు.”

“మర్యాద కావాల్నంటే సూర్యాపేట పో. గాడ ఏసీల కూసోబెడతరు.”

కరుణ రోషంతో బయటికి వచ్చేసింది. కానీ బస్టాండుకు పోలేదు. అతను షట్టర్లు పెట్టాడన్న మిల్లుకు పోయింది. గోడౌన్ ముందు ఊడుస్తున్న సోమమ్మ అనే కూలీ మనిషిని పట్టుకుని అడిగింది. రోజూ ఆ షట్టరు ఎత్తేది ఆమే.

“ఆని నోరు మురిక్కాలువ బిడ్డా” అంది సోమమ్మ. “సేటును గూడ తిడతడు. షట్టరంటవా, సూడు.” చీపురు కింద పడేసి, వంగి, షట్టరును సగం ఎత్తి వదిలేసింది. అది పైకీ పోలేదు, కిందికీ రాలేదు. వదిలినచోటే నిలబడింది.

కరుణ మళ్ళీ షాపుకు పోయింది. “రేపు వచ్చి గోడ సూడు” అంది. బీరయ్య తల ఊపాడు. అంతే.

అతను కోదాడ వచ్చి నిచ్చెన వేసుకుని పైకి ఎక్కాడు. పగిలిన చోట వేలు పెట్టి, గుల్ల ఇటుక పొడి కిందికి రాల్చాడు.

“పిల్లరు మూరెడు అవుతల ఉన్నది. షట్టరు కొలత తక్కువ కోసిండు. మళ్ళ చేసుడు బద్ధకమై పిల్లరు వదిలేసి ఇటుకలకు బోల్టులు కొట్టిండు. ఎవడా లఫంగ?”

“మా మరిది.”

“మంచి చుట్టమే” అని బీరయ్య కిందికి ఉమ్మాడు. కరుణ అతన్ని ఇంటి ముందు ఉమ్మొద్దని తిట్టింది. అతను పాత షట్టరు రేకు ఒక్కటి కూడా వాడనని, అటూ ఇటూ కాంక్రీటులో ఇనుప స్తంభాలు దింపనిదే పని పట్టనని తెగేసి చెప్పాడు. పని జరిగినన్నాళ్ళూ వాళ్ళిద్దరూ కొట్లాడుకుంటూనే ఉన్నారు.

షట్టరు ఎక్కే రోజు సాంసన్ వచ్చాడు. మోటారు సైకిలు దిగకముందే అరుపు మొదలుపెట్టాడు.

“బజార్ల నా ఇజ్జత్ తీస్తున్నవా వదినా? మిర్యాలగూడ నుంచి మనిషిని తెస్తవా?”

కరుణ గోడ వైపు చూపించింది. “గా బొక్క సూడు. పిల్లరు ఇడిసి ఇటుకలకు కొట్టినవ్. నీకు తెలిసే కొట్టినవ్.”

సాంసన్ పైకి చూసి, వెంటనే చూపు దించుకున్నాడు. “అందరు అట్లనే కొడతరు” అన్నాడు.

“నేను కొట్ట” అన్నాడు బీరయ్య నిచ్చెన మీద నుంచి. సాంసన్ నిచ్చెన పట్టి గుంజబోయాడు. జోసెఫ్ అడ్డం పడ్డాడు. కరుణ ముందుకు వచ్చి మరిదికి ఎదురుగా నిలబడింది.

“ఇను సాంసన్. హుజూర్‌నగర్ రోడ్డు స్కూల్ల బస్సు షెడ్డుకు షట్టరు నువ్వే పెడుతున్నవంట. ఇప్పుడు ఇంట్లకు పోయి మీ అమ్మ ముందు తప్పు నాదే అని ఒప్పుకో. గాడ పిల్లరుకే బిగిస్తనని చెప్పు. నేను నోరు మూసుకుంట. లేకుంటే నేనే పోయి చెప్త. గాడ పసిపిల్లలు నిలబడతరు.”

“పోయి చెప్పుకో! ఎవరు నమ్ముతరు నిన్ను? మరిది బాగుపడితే ఓర్వలేదంటరు.”

మర్నాడు కరుణ స్కూలుకు పోయింది. ఆ స్కూలు నడిపే అలేఖ్య మొదట సాంసన్ అన్నట్టే అంది. “ఇంటి గొడవలు మా దగ్గరికి ఎందుకండీ?” కరుణ వాదించలేదు. ఆమెను కారులో కూర్చోబెట్టుకుని షెడ్డు దగ్గరికి తెచ్చింది. పగిలిన గోడను ఇంకా మూయలేదు. తర్వాత ఇంట్లోకి తీసుకుపోయి దేవమ్మ కాలు చూపించింది. పని సాంసన్‌కు రాలేదు. ఆ వార్త కోదాడలో ఒక షాపు నుంచి ఇంకో షాపుకు పాకింది. షట్టరు పెట్టించుకునేవాళ్ళు అతని గుమ్మం తొక్కడం మానేశారు. మళ్ళీ గేట్లూ గ్రిల్సూ మిగిలాయి.

ఆదివారం చర్చిలో సాంసన్ భార్య కరుణ కూర్చున్న వరసలో నుంచి లేచిపోయింది. ఇంకొందరు కూడా లేచారు. కరుణ ఒక్కతే ఆ వరసలో కూర్చుని పాట చివరిదాకా పాడింది. జోసెఫ్ మగవాళ్ళ వైపు నుంచి ఆమె వైపు చూడలేదు.

ఆ వారమే దేవమ్మ చిన్న కొడుకు ఇంటికి పోతానని మూట కట్టింది. సాంసన్ ఆటో పంపించాడు, తాను రాలేదు. జోసెఫ్ మూట మోసుకుపోయాడు. దేవమ్మ కర్ర పట్టుకుని కుంటుతూ షెడ్డు ముందు నుంచి పోతుంటే కరుణ అన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఆమెతో మాట్లాడింది.

“అత్తమ్మా, కారు తగిలిందా? ఎవరు లేరు, నాకొక్కదానికే చెప్పు.”

దేవమ్మ ఆగింది.

“తగల్లే. నాకు తెల్వదా?” అంది. “పాలు సూడమన్నది నేనే.”

“మరి ఆ రోజు ఎందుకు చెప్పలే?”

“వాడు నా కడుపున పుట్టిండు. నువ్వు పుట్టలే. గంతే.” కర్ర నేలకేసి కొట్టింది. “వాని కూడు తీసినవ్. అది మాత్రం నేను మరువ.”

“నేను గూడ మరువ” అంది కరుణ.

దేవమ్మ ఆటో ఎక్కింది. జోసెఫ్ ఆమె పక్కనే కూర్చున్నాడు, సాయంత్రం వస్తానని కూడా చెప్పలేదు. ఆటో మలుపు తిరిగేదాకా చూసి కరుణ షట్టరు పైకి నెట్టింది, కారు బయటికి తీసింది. కొత్తగా చేరిన ఒక టీచరమ్మ ఫుట్‌పాత్ మీద భయంభయంగా నిలబడి ఉంది.

“ఎక్కండి” అంది కరుణ. “ఏడిస్తే దించేస్త, ముందే చెప్తున్న.”